ఒక రాత్రి మూడు కాన్పులు – రాయవేలూరులో స్త్రీ వైద్యం పుట్టిన చరిత్ర

పదో తరగతి సైన్సు పుస్తకంలో ప్రత్యుత్పత్తి పాఠం వచ్చే రోజు క్లాసు వేరేగా ఉంటుంది. గుండె పాఠం చదివేటప్పుడు ఎవరూ నవ్వరు. ఊపిరితిత్తుల బొమ్మ గీసేటప్పుడు ఎవరూ తల దించుకోరు. గర్భాశయం బొమ్మ వచ్చేసరికి మాత్రం సగం మంది కిందికి చూస్తారు, మిగతా సగం మంది పక్కవాళ్ళను చూసి నవ్వుతారు. ఇది చిన్న విషయమే కదా అనిపిస్తుంది. కానీ మన చుట్టుపక్కల ఊళ్ళ చరిత్ర చదివితే ఈ సిగ్గు ఎంతమంది ప్రాణాలు తీసిందో తెలుస్తుంది. మన రాయవేలూరులో ఇంత పెద్ద ఆసుపత్రి ఎందుకు వచ్చిందో కూడా తెలుస్తుంది. ఆ చరిత్రను, దాని వెనక ఉన్న సైన్సును కలిపి ఈ వ్యాసంలో రాస్తున్నాను.

తిండివనంలో ఆ రాత్రి

మన నెమిలి ఇప్పుడు రాణిపేట జిల్లాలో ఉంది. ఆ రాణిపేటలోనే 1870 డిసెంబరు 9న ఐడా సోఫియా స్కడర్ పుట్టింది. వాళ్ళ తాత జాన్ స్కడర్ 1819లో అమెరికా నుంచి వచ్చిన డాక్టరు. నాన్న కూడా డాక్టరే. ఐడాకు మాత్రం ఈ దేశంలో ఉండాలని ఇష్టం లేదు. చిన్నప్పుడు 1876–78 నాటి కరువును కళ్ళారా చూసింది. చదువుకోవడానికి అమెరికా వెళ్ళిపోయి, అక్కడే స్థిరపడాలనుకుంది. 1890లో అమ్మకు ఆరోగ్యం బాగాలేదని కబురు వస్తే కొన్నాళ్ళు ఉండి పోదామని తిండివనం వచ్చింది. అప్పటికి ఆమెకు సుమారు ఇరవై ఏళ్ళు.

ఒక రాత్రి ఒక బ్రాహ్మణ యువకుడు వచ్చి తలుపు తట్టాడు. తన భార్య కాన్పు కాలేక అవస్థ పడుతోంది, మీరొచ్చి సాయం చేయండి అని ఐడాను అడిగాడు. ఆమెకు 14 ఏళ్ళే అని చెప్తారు. అంటే నా కంటే ఒక ఏడాది చిన్నది. నాకు వైద్యం తెలియదు, మా నాన్నగారు డాక్టరు, ఆయనను పిలుచుకుని వెళ్ళండి అని ఐడా చెప్పింది. పరాయి మగవాడు తన భార్యను చూడటం మా ఆచారంలో లేదని అతను వెళ్ళిపోయాడు. కాసేపటికి ఒక ముస్లిం వచ్చాడు. అదే కష్టం, అదే మాట. ఆ తర్వాత ఇంకొక హిందువు వచ్చాడు. అతను కూడా డాక్టరు మగవాడని తెలిసి వెనక్కి తిరిగాడు. తెల్లారి విచారిస్తే ముగ్గురు ఆడవాళ్ళూ చనిపోయారని తెలిసింది.

ఈ కథ చదివి ఆ భర్తలు చెడ్డవాళ్ళు అనుకోవడం సరి కాదు. భార్య మీద ప్రేమ లేనివాడు అర్ధరాత్రి ఇంకొకరి తలుపు తట్టడు. ముగ్గురివీ వేరు వేరు ఇళ్ళు, వేరు వేరు ఆచారాలు. అయినా ముగ్గురూ ఒకే మాట చెప్పారు. ఆడవాళ్ళ శరీరంలో ఆ భాగం ఎవరూ చూడకూడనిది, మాట్లాడకూడనిది అని అందరికీ చిన్నప్పటి నుంచి నేర్పి ఉన్నారు. వైద్యం నాలుగడుగుల దూరంలో ఉంది. కానీ అది మగవాడి చేతిలో ఉంది కాబట్టి లోపలికి రాలేకపోయింది. ఆ ముగ్గురికీ సరిగ్గా ఏమైందో చూసిన డాక్టరే లేడు.

కాన్పులో శరీరం చేసే పని

వాళ్ళకు ఏమై ఉండవచ్చో అర్థం కావాలంటే మన పాఠం తెలియాలి. గర్భాశయం మామూలుగా ఒక చిన్న జామకాయంత ఉంటుంది. పొడవు సుమారు 7.5 సెంటీమీటర్లు, బరువు సుమారు 60 గ్రాములు. దానికి రెండు వైపులా అండాశయాలు ఉంటాయి. నెలకు ఒక అండం విడుదలై ఫెలోపియన్ నాళంలోకి వస్తుంది. అక్కడ తండ్రి శుక్రకణం కలిస్తే ఫలదీకరణ జరుగుతుంది. సుమారు ఒక వారంలో ఆ పిండం గర్భాశయం లోపలి పొరకు అంటుకుంటుంది. కలవకపోతే ఆ పొర ఊడి రక్తంతో బయటికి వచ్చేస్తుంది. దానినే మనం ముట్టు అంటాం, ఇళ్ళలో దూరం అంటారు. అది మైల కాదు. బిడ్డ కోసం సిద్ధం చేసిన పక్క, బిడ్డ రాలేదని తీసేసిన పక్క, అంతే.

గర్భం నిలిస్తే సుమారు 280 రోజులలో ఆ 60 గ్రాముల సంచి ఒక కిలో బరువుకు పెరుగుతుంది. బిడ్డకు ఊపిరి, తిండి అన్నీ మాయ ద్వారా, బొడ్డుతాడు ద్వారా వస్తాయి. నెలలు నిండిన తర్వాత గర్భాశయానికి నిమిషానికి అర లీటరు పైనే రక్తం పారుతుంది. కాన్పు నొప్పులు అంటే ఆ సంచి కండరాలు బిగుసుకోవడం. గర్భాశయ ముఖద్వారం కొద్దికొద్దిగా తెరుచుకుని 10 సెంటీమీటర్లు అయ్యాక బిడ్డ కటి ఎముకల మధ్య నుంచి బయటికి వస్తుంది. తర్వాత మాయ పడుతుంది.

ఇందులో ప్రమాదం మూడు చోట్ల ఉంది. ఒకటి, బిడ్డ అడ్డం తిరిగినా, దారి ఇరుకైనా కాన్పు ఆగిపోతుంది. చిన్న వయసు అమ్మాయిలకు ఈ ప్రమాదం ఎక్కువ. ఎందుకంటే పెద్దమనిషి అయిన తర్వాత కూడా కటి ఎముకలు ఇంకా కొన్నేళ్ళు పెరుగుతాయి. పెద్దమనిషి అయ్యింది కదా, తల్లి కావచ్చు అనుకోవడం శరీరశాస్త్రం ప్రకారం తప్పు.

రెండు, రక్తస్రావం. మాయ ఊడిన చోట రక్తనాళాలు తెరిచి ఉంటాయి. గర్భాశయం కండరాలు చాపలాగా అల్లుకుని ఉంటాయి కాబట్టి అవి గట్టిగా బిగుసుకుంటే ఆ నాళాలు నొక్కుకుపోయి రక్తం ఆగుతుంది. బిగుసుకోకపోతే ఆగదు. నిమిషానికి అర లీటరు పారే చోట తల్లికి గంట కూడా సమయం ఉండకపోవచ్చు.

మూడు, చీము పట్టడం. లోపల అంతా పచ్చి పుండులాగా ఉంటుంది కాబట్టి, శుభ్రం లేని చేయి తగిలితే బాలింత జ్వరం వస్తుంది.

ఆ కాలంలో మన ఊళ్ళలో కాన్పు చేసేది మంత్రసాని. వాళ్ళను తక్కువ చేసి మాట్లాడకూడదు. చదువు లేకపోయినా చేతి అనుభవంతో ఎన్నో పురుళ్ళు పోశారు. మామూలు కాన్పు వాళ్ళకు బాగా తెలుసు. కానీ పైన చెప్పిన మూడు ప్రమాదాల్లో ఒకటి వస్తే వాళ్ళ దగ్గర మందు లేదు, పరికరం లేదు. బొడ్డు కోసే కత్తిని ఉడకబెట్టాలని వాళ్ళకు చెప్పినవాళ్ళు లేరు. మా అవ్వ కూడా ఇంట్లోనే, వెనక గదిలో పుట్టింది. అప్పుడు కాన్పు అంటే ఆడవాళ్ళకు మళ్ళీ పుట్టడమే అని ఆమె చెప్తుంది.

ప్రపంచానికి కూడా ఆలస్యంగానే తెలిసింది

మన దేశంలోనే ఈ విషయం తెలియలేదు అనుకోకూడదు. భూమి సూర్యుని చుట్టూ తిరుగుతుందని కోపర్నికస్ పుస్తకం 1543లో వచ్చింది. కానీ మనిషి ఎలా పుడతాడో అప్పటికి ఎవరికీ సరిగ్గా తెలియదు. శుక్రకణాన్ని లీవెన్‌హాక్ తన సూక్ష్మదర్శినితో 1677లో చూశాడు. క్షీరదాల అండాన్ని వాన్ బేయర్ 1827లో కనుక్కున్నాడు. అండం, శుక్రకణం రెండింటి కేంద్రకాలు ఎలా కలుస్తాయో 1876లో హెర్ట్‌విగ్ సముద్రపు జీవి అండాలలో చూపించాడు. అంటే ఐడా పుట్టిన తర్వాతనే ఈ సంగతి తేలింది.

బాలింత జ్వరం కథ ఇంకా బాధగా ఉంటుంది. వియన్నా ఆసుపత్రిలో డాక్టర్లు శవాలను కోసి, ఆ చేతులతోనే వచ్చి కాన్పులు చేసేవాళ్ళు. 1847లో సెమ్మెల్‌వైస్ అనే డాక్టరు, క్లోరిన్ కలిపిన నీళ్ళతో చేతులు కడుక్కోమని అందరికీ చెప్పాడు. కడుక్కున్న తర్వాత చావులు బాగా తగ్గాయి. అయినా పెద్ద పెద్ద డాక్టర్లు ఒప్పుకోలేదు. మా చేతులు మురికివా అని వాళ్ళకు కోపం వచ్చింది. అంటే ఇక్కడ సిగ్గు అడ్డం వస్తే అక్కడ గర్వం అడ్డం వచ్చింది. రెండు చోట్లా చనిపోయింది తల్లులే.

ఇంకొక సంగతి కూడా చెప్పాలి. ఆడపిల్ల పుడితే కోడలిని తిట్టడం మన ఇళ్ళలో ఇప్పటికీ ఉంది. 1905లో అమెరికాలో నెట్టీ స్టీవెన్స్ అనే శాస్త్రవేత్త పిండిపురుగు కణాలను పరిశీలించి, మగా ఆడా అనేది తండ్రి వైపు నుంచి వచ్చే క్రోమోజోమును బట్టి ఉంటుందని చూపించింది. మనుషులలో కూడా అంతే. తల్లి ఎప్పుడూ ఎక్స్ మాత్రమే ఇస్తుంది. తండ్రి నుంచి ఎక్స్ వస్తే ఆడపిల్ల, వై వస్తే మగపిల్లవాడు. ఇందులో తండ్రి తప్పు కూడా లేదు, అది అతని చేతిలో ఉండేది కాదు. కానీ ఈ ఒక్క సంగతి తెలియక ఎంతమంది కోడళ్ళు మాటలు పడ్డారో లెక్క లేదు.

రాయవేలూరులో మొదలైన పని

ఆ రాత్రి తర్వాత ఐడా మనసు మారింది. తను డాక్టరు కావాలని నిర్ణయించుకుని మళ్ళీ అమెరికా వెళ్ళింది. అక్కడ కూడా ఆడవాళ్ళకు దారి సులభంగా లేదు. మొదట ఫిలడెల్ఫియాలో ఆడవాళ్ళకు వేరేగా ఉన్న వైద్య కళాశాలలో చేరింది. కార్నెల్ వైద్య కళాశాల ఆడవాళ్ళను చేర్చుకుంటుందని తెలిసి అక్కడికి మారి 1899లో పట్టా తీసుకుంది.

మద్రాసులో అప్పటికే కొంత మార్పు వచ్చింది. మద్రాసు మెడికల్ కాలేజీలో 1875లోనే మేరీ షార్లీబ్‌తో కలిపి నలుగురు ఆడవాళ్ళు చేరారు. 1885లో ఆమె ప్రయత్నంతో గోషా ఆడవాళ్ళ కోసం మద్రాసులో వేరే ఆసుపత్రి మొదలైంది. కానీ మద్రాసులో ఆసుపత్రి ఉంటే తిండివనంలో, గుడియాత్తంలో నొప్పులు పడే ఆమెకు ఏం లాభం?

1900లో ఐడా వేలూరు వచ్చింది. వచ్చిన కొన్ని నెలలకే నాన్న చనిపోయాడు. ఇంట్లోని ఒక చిన్న గదిలోనే వైద్యం మొదలుపెట్టింది. మొదట్లో జనం రాలేదు. తర్వాత రెండేళ్ళలో సుమారు 5,000 మందిని చూసింది. అమెరికాలో షెల్ అనే ధనవంతుడు చనిపోయిన తన భార్య జ్ఞాపకంగా 10,000 డాలర్లు ఇచ్చాడు. ఆ డబ్బుతో 1902లో 40 పడకల మేరీ టేబర్ షెల్ ఆసుపత్రి తెరిచారు. ఇప్పుడు మన వాళ్ళు కంటి ఆపరేషనుకు వెళ్ళే షెల్ ఆసుపత్రి అదే.

ఐడాకు త్వరగానే ఒక సంగతి అర్థమైంది. ఒక్క డాక్టరు ఎంతమంది ఇళ్ళకు వెళ్ళగలదు? ఈ దేశపు ఆడపిల్లలకే వైద్యం నేర్పాలి అనుకుంది. 1909లో నర్సుల శిక్షణ మొదలుపెట్టింది. 1918 ఆగస్టు 12న ఆడవాళ్ళ వైద్య పాఠశాల తెరిచింది. ఆడపిల్లలు ఎవరు వస్తారు అని చాలామంది సందేహపడ్డారు. మొదటి ఏడాదే 151 దరఖాస్తులు వచ్చాయి. ఆ మొదటి క్లాసు నుంచి 1922లో 14 మంది చదువు ముగించి బయటికి వచ్చారు.

ఆ అమ్మాయిలను తలుచుకుంటే నాకు ఆశ్చర్యంగా ఉంటుంది. వంద ఏళ్ళ కింద, ఏ మాట ఇంట్లో పలకకూడదో ఆ మాటను వాళ్ళు క్లాసులో లేచి నిలబడి చెప్పారు. ఎముకలు చేతిలో పట్టుకుని పేర్లు నేర్చుకున్నారు. వాళ్ళు సిగ్గుపడి ఉంటే పరీక్ష పోవడం మాత్రమే కాదు, తర్వాత ఎవరో ఒక తల్లి ప్రాణం కూడా పోయేది.

గుడియాత్తం రోడ్డు

ఐడా ఆసుపత్రిలోనే కూర్చోలేదు. వారానికి ఒకసారి గుడియాత్తం వెళ్ళి రోగులను చూసేది. మొదట ఎద్దుల బండ్లు, తర్వాత ఒక ఫ్రెంచి ప్యూజో కారు. కారును ఎప్పుడూ చూడని జనం మొదట భయపడి పరుగెత్తారట. తర్వాత అదే కారు కోసం చెట్ల కింద కాచుకుని ఉండేవాళ్ళు. దారిలో ఎక్కడ జనం ఉంటే అక్కడ ఆపి చూసేది. అలా ఆ రోడ్డు పక్క వైద్యం ఒక పద్ధతి అయిపోయింది. రోగి రాలేకపోతే వైద్యమే రోగి దగ్గరికి వెళ్ళాలి అనేది ఈ రోడ్డు మీద నేర్చుకున్న పాఠం. 1977లో సి.ఎం.సి. వాళ్ళు పల్లెల ఆరోగ్యం కోసం రూషా అనే కేంద్రాన్ని వేలూరుకు గుడియాత్తానికి మధ్యలో ఉన్న కె.వి. కుప్పంలో పెట్టారు. మనం బస్సులో పోతూ ఉంటే కనిపించే ఆ ఊళ్ళకు ఇంత చరిత్ర ఉంది.

ఇక్కడ ఒక విచిత్రం ఉంది. ఇందాక రక్తం ఆగాలంటే గర్భాశయం బిగుసుకోవాలి అని రాశాను. దానిని బిగించే హార్మోను పేరు ఆక్సిటోసిన్, అది మన మెదడు కింద ఉన్న పీయూష గ్రంథి నుంచి విడుదల అవుతుంది. 1953లో దానిని ప్రయోగశాలలో మొదటిసారి తయారు చేసినవాడు విన్సెంట్ డు విన్యో. అతను పనిచేసింది ఐడా చదివిన కార్నెల్ వైద్య కళాశాలలోనే. దానికి 1955లో నోబెల్ బహుమతి వచ్చింది. ఈ రోజు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో బిడ్డ పుట్టగానే తల్లికి వేసే ఇంజెక్షను అదే. ఐడా 1960 మే నెలలో కొడైకెనాల్‌లో, 89 ఏళ్ళ వయసులో చనిపోయింది. ఆ మందు వచ్చిన కాలాన్ని కూడా ఆమె చూసింది.

మన వాళ్ళు చేసిన పని

ఈ చరిత్రలో మనవాళ్ళు కూడా ఉన్నారు. ఆర్కాటు లక్ష్మణస్వామి మొదలియార్ 1887లో కర్నూలులో పుట్టి అక్కడే బడి చదువు చదివాడు. మద్రాసులో ప్రసూతి వైద్యుడై, మద్రాసు మెడికల్ కాలేజీకి మొదటి భారతీయ ప్రిన్సిపాల్ అయ్యాడు. కాన్పు వైద్యం మీద ఆయన రాసిన పుస్తకం మన దేశంలో ఎన్నో తరాల వైద్య విద్యార్థులు చదివారు. మగవాడు కాన్పు వైద్యం చేయడమా అనే కాలంలో ఆయన ఆ చదువునే ఎంచుకున్నాడు.

1912లో మద్రాసులో డాక్టరు పట్టా తీసుకున్న ముత్తులక్ష్మి రెడ్డి తర్వాత మద్రాసు శాసనమండలిలో సభ్యురాలై, ఆడపిల్లల పెళ్ళి వయసు పెంచాలని వాదించింది. 1929లో వచ్చిన శారదా చట్టం ఆడపిల్లకు కనీసం 14 ఏళ్ళు ఉండాలని చెప్పింది. 1978లో దానిని 18 చేశారు. ఈ 18 అనే అంకె ఊరికే పెట్టింది కాదు. కటి ఎముకల సంగతి తెలిసినవాళ్ళకు దాని వెనక ఉన్న కారణం తెలుస్తుంది. మన రాష్ట్రంలో గర్భిణులకు ఇచ్చే సాయానికి ఆ ముత్తులక్ష్మి రెడ్డి పేరే పెట్టారు.

ఇప్పుడు మనం చేయాల్సింది

2018–20 లెక్క ప్రకారం లక్ష సజీవ జననాలకు మన దేశంలో 97 మంది తల్లులు చనిపోయారు. తమిళనాడులో 54, ఆంధ్రప్రదేశ్‌లో 45. తిండివనంలో ఒక్క రాత్రిలో ముగ్గురు చనిపోయిన కాలంతో పోలిస్తే ఇది చాలా గొప్ప మార్పు. కానీ ఆ 54 మందికి కూడా ఒక ఇల్లు ఉంటుంది, పిల్లలు ఉంటారు.

ఆసుపత్రి వచ్చింది, 108 బండి వచ్చింది, మందు వచ్చింది. కానీ సిగ్గు మాత్రం ఇంకా ఇంట్లోనే ఉంది. మొదటిసారి ముట్టు అయినప్పుడు ఇది ఏదో జబ్బు అని భయపడి ఏడ్చిన అమ్మాయిలు ఇప్పటికీ ఉన్నారు. అమ్మలు ముందే చెప్పి ఉంటే ఆ భయం ఉండదు. అబ్బాయిలు కూడా ఈ పాఠం చదవాలి. రేపు వాళ్ళే భర్తలు, నాన్నలు అవుతారు. నెలలు నిండిన ఆమెకు రక్తం పోతున్నా, ఫిట్స్ వచ్చినా, ఉమ్మనీరు పోయి నొప్పులు రాకపోయినా ఎవరినీ అడుగుతూ కూర్చోకుండా వెంటనే 108కి ఫోన్ చేయాలని వాళ్ళకు తెలిసి ఉండాలి. ఆ రాత్రి వచ్చిన ముగ్గురు భర్తలకు ప్రేమ ఉంది, తెలివి చెప్పినవాళ్ళు లేరు. మనకు చెప్పేవాళ్ళు ఉన్నారు, పుస్తకం కూడా ఉంది.

అందుకని మా క్లాసు స్నేహితులకు ఒక మాట. ఈ ఏడాది ఆ పాఠం వచ్చినప్పుడు బొమ్మను గుండె బొమ్మ గీసినట్టే గీద్దాం, పేర్లు గట్టిగా చదువుదాం, తెలియనిది టీచరును అడుగుదాం. అమ్మానాన్నలకు కూడా ఒక మనవి. ఇంటికి వచ్చి మేము అడిగితే, దయచేసి కసురుకోకుండా మాకు చెప్పండి.